అదాలత్ కుర్సీకి, సర్కార్ కుర్సీకి మధ్య ఎంత ఫాసలా ఉండాలి?

మన నిజాం పైసల కేసు యాదికుందా? 1948 సెప్టెంబర్, పోలీస్ యాక్షన్ రోజులు. నిజాం సర్కార్ ఖాతాలోంచి సుమారు 10 లక్షల పౌండ్లు లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ రహీమ్‌తూలా పేరు మీదికి మారిపోయాయి. నా ఇజాజత్ లేకుండా చేశారు, వాపస్ ఇప్పించండని నిజాం లండన్ అదాలత్ మెట్లెక్కాడు. 1957లో ఆఖరి ఫైసలా వచ్చింది. ఇంకో ముల్క్ సర్కార్‌ను మా కోర్టులో నిలబెట్టలేం, అది వాళ్ల హక్ అని. దాంతో ఆ రఖం బ్యాంకులోనే ఇరుక్కుపోయింది. 2019లో లండన్ హైకోర్టు నిజాం వారసులకు, ఇండియాకు అనుకూలంగా తీర్పు చెప్పేనాటికి అది దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లయింది.

ఈ కిస్సా మనలో చాలామందికి ఎరుకే. కానీ 1957లో ఆ ఫైసలా ఇచ్చింది ఎవరు? సుప్రీంకోర్టు కాదు. అప్పటికి ఇంగ్లండ్‌లో ఆ పేరుతో పైకోర్టే లేదు. ఇచ్చింది హౌస్ ఆఫ్ లార్డ్స్. అంటే మన రాజ్యసభ లాంటి ఎగువ సభ. చట్టం చేసే ఇల్లే ఆఖరి అదాలత్ కూడా.

వింతగా ఉంది కదా? కానీ ఆ వింత పద్ధతిలో మనకు పనికొచ్చే సబఖ్ ఒకటుంది.

1876లో వాళ్లు ఒక కానూన్ చేశారు. పేరున్న జడ్జీలను ఎంచుకుని, జీవితాంతం లార్డ్ హోదా ఇచ్చి, అప్పీళ్లు వినడానికి ఎగువ సభలో కూర్చోబెట్టారు. జనం వాళ్లను లా లార్డ్స్ అన్నారు. మొదట ఇద్దరే, పోనుపోను 12 మంది దాకా అయ్యారు. వాళ్ల తీర్పును తీర్పు అనేవాళ్లు కాదు, సభలో ప్రసంగం అనేవాళ్లు. 1948లో పార్లమెంటు భవనం మరమ్మతుల చప్పుడు భరించలేక అప్పీళ్లు వినడం ఒక కమిటీ గదికి మార్చారు. తాత్కాలికం అనుకున్న ఆ ఏర్పాటు చివరిదాకా నడిచింది.

మరి ఒకే ఇంట్లో సియాసత్, ఇన్సాఫ్ రెండూ కాపురం చేస్తే గొడవ రాలేదా? రాకుండా ఆపింది కాగితం మీది కానూన్ కాదు, రివాజ్. 1844లో ఐర్లండ్ కేథలిక్కుల నాయకుడు డానియల్ ఓకానెల్ అప్పీలు ఈ సభ ముందుకొచ్చింది. ఆయన్ని జైల్లో పెట్టించింది అప్పటి హుకూమతే. కానూన్ చదవని మామూలు లార్డులు కూడా ఓటేస్తామని లేచారు. వేస్తే ఓకానెల్ పని ఖతమ్. అప్పుడు అదే హుకూమత్‌లో మంత్రిగా ఉన్న లార్డ్ వార్న్‌క్లిఫ్ అడ్డుపడ్డాడు. ఈ పని జడ్జీలకే వదిలేద్దాం, మనం తప్పుకుందాం అన్నాడు. వాళ్లు తప్పుకున్నారు. ముగ్గురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు తేలి ఓకానెల్ విడుదలయ్యాడు. తాము ఓడిపోతామని తెలిసి కూడా ఉసూల్‌కు కట్టుబడటం అంటే అది.

ఇంకో మాట మనకు దగ్గరిది. అమెరికాలో 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత బ్రిటన్ ఒక కానూన్ తెచ్చింది. టెర్రరిస్టు అన్న షక్ ఉంటే చాలు, విదేశీయుడిని ముకద్దమా లేకుండా ఎన్నాళ్లైనా ఖైదులో పెట్టొచ్చని. బెల్‌మార్ష్ జైల్లో అలా మగ్గినవాళ్లలో మన ఖౌమ్ వాళ్లే ఎక్కువ. 2004 డిసెంబర్‌లో తొమ్మిదిమంది లా లార్డ్స్ కూర్చున్నారు. ఎనిమిదిమంది ఇది ఇన్సానీ హుకూఖ్‌కు విరుద్ధం అన్నారు. మరుసటి ఏడాది, చిత్రహింసతో రాబట్టిన సాక్ష్యం మా అదాలత్‌లో చెల్లదని కూడా తేల్చారు. ఎగువ సభలో సభ్యులుగా ఉంటూనే, ఆ పార్లమెంటు చేసిన కానూన్‌నే ఖండించారు.

ఇంత బాగా నడిచినదాన్ని ఎందుకు రద్దు చేసుకున్నారు? జడ్జీలు మంచోళ్లే కావచ్చు. కానీ ఫిర్యాదీ కళ్లకు కనబడేది గోడ. గోడ లేని చోట మంచితనం మీద భరోసా పెట్టుకుని బతకాల్సి వస్తుంది. అందుకే 2005లో కానూన్ మార్చారు. 2009 అక్టోబర్ 1న రోడ్డుకు అవతల వేరే భవనంలో సుప్రీంకోర్టు తెరిచారు. లా లార్డ్స్ అందులోకి వెళ్లిపోయారు. జడ్జీగా ఉన్నంత కాలం సభలో కూర్చోవడం, ఓటేయడం బంద్. 133 ఏళ్ల రివాజ్‌ను ఇన్సాఫ్ ఇజ్జత్ కోసం వదులుకున్నారు.

ఇప్పుడు మన ముల్క్ సంగతి. మనం మొదటి రోజు నుంచే ఆఖరి అదాలత్‌ను చట్టసభ నుంచి వేరుగా పెట్టాం. గోడ కట్టాం. కానీ వెనక దర్వాజాకు తాళం మరిచాం. సుప్రీంకోర్టు జడ్జీ రిటైరయ్యాక ఏ కోర్టులోనూ వకాలత్ చేయరాదని రాజ్యాంగం చెప్తుంది. సర్కార్ ఇచ్చే కుర్సీ తీసుకోరాదని మాత్రం చెప్పదు.

బహరుల్ ఇస్లాం రాజ్యసభ నుంచి హైకోర్టుకు, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లి, 1983లో మళ్లీ కాంగ్రెస్ తరఫున రాజ్యసభకు వచ్చారు. మాజీ చీఫ్ జస్టిస్ రంగనాథ్ మిశ్రా 1998లో అదే పార్టీ నుంచి వెళ్లారు. 2019 నవంబర్ 9న బాబ్రీ ఫైసలా చెప్పిన బెంచికి పెద్ద రంజన్ గొగోయ్. అదే నెలలో రిటైరయ్యారు, 2020 మార్చిలో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే బెంచిలో ఉన్న అబ్దుల్ నజీర్ 2023 జనవరిలో రిటైరయ్యారు, ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా నియమితులయ్యారు. పార్టీ ఏదైనా, పేరు హిందువుదైనా ముసల్మాన్‌దైనా, సవాల్ ఒకటే.

వీళ్ల నీయత్ గురించి నేనేమీ అనను. నీయత్ అల్లాహ్‌కే తెలుసు. కానీ కేసు ఓడిపోయినవాడి దిల్‌లో ఏముంటుంది? ఫైసలాకు, కుర్సీకి మధ్య నెలలు లెక్కపెట్టుకుంటాడు. ఆ లెక్క తప్పు కావచ్చు. కానీ లెక్కపెట్టే మౌకా ఇవ్వడమే తప్పు. తక్కువ సంఖ్యలో ఉన్న ఖౌమ్‌కు ఓట్లతో గెలిచే దారి ఇరుకు. వాళ్లకు మిగిలిన ఆఖరి ఆస్రా అదాలతే. దాని మీద భరోసా చెదిరితే ఇంకెక్కడికి పోతారు?

జడ్జీల ఇల్మ్ చట్టసభకు అక్కరకు రాదా అని కొందరు భాయ్‌లు అడుగుతారు. వస్తుంది. ఇంగ్లండ్‌లో కూడా పాత లా లార్డ్స్ రిటైరయ్యాక సభకు వచ్చి మాట్లాడొచ్చు. కానీ ఫరక్ చూడండి. వాళ్లకు ఆ హోదా జడ్జీ కుర్సీతో పాటే, మొదట్లోనే వచ్చేసింది. తర్వాత సర్కార్ నుంచి ఆశించడానికి ఏమీ మిగల్లేదు. మన దగ్గర ఇనామ్ ఆఖర్లో వస్తుంది, ఇచ్చే చేయి సర్కార్‌ది. ఆ సర్కారే కోర్టులో అందరికంటే పెద్ద కక్షిదారు. పైగా రాజ్యసభ నామినేషన్ కోసం రాజ్యాంగం చెప్పినవి సాహిత్యం, సైన్స్, కళ, సంఘసేవ. అందులో కానూన్ పేరే లేదు.

ఇమామ్ అబూ హనీఫాను ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి తీసుకోమన్నాడు. ఆయన ఒప్పుకోలేదు, ఖైదు భరించాడు. ఆయన షాగిర్ద్ అబూ యూసుఫ్ తర్వాత హారూన్ రషీద్ కాలంలో పెద్ద ఖాజీ అయ్యాడు. ఇద్దర్నీ మనం గౌరవిస్తాం. కానీ హుకూమత్ చేతికి, ఖాజీ కలానికి మధ్య దూరం ఎందుకో చెప్పాల్సి వస్తే ఉస్తాద్ పేరే ముందు నోటికొస్తుంది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. సుప్రీంకోర్టు, హైకోర్టు జడ్జీలు రిటైరయ్యాక కనీసం ఐదేళ్లు రాజ్యసభ, గవర్నర్ గిరీ, సర్కార్ చేతిలోని మరే పదవీ తీసుకోకుండా కానూన్ రావాలి. బదులుగా వాళ్ల పెన్షన్ పెంచండి, ఎవరూ కాదనరు. ఏ పార్టీ హుకూమత్‌లో ఉన్నా ఈ డిమాండ్ మనం మార్చకూడదు. మనవాళ్లనుకున్న సర్కార్ వచ్చినప్పుడు ఖామోష్‌గా ఉంటే, రేపు అడిగే హక్ మనకుండదు.