ఆరుద్రకు ఆయువు తీరుతోంది!

ఆరుద్ర కార్తె తెలియని రైతు ఇల్లు ఉండదు. ఏటా జూన్ 22కి కాస్త అటూ ఇటూగా వస్తుంది. తొలకరికి తడిసిన నేల మీద ఎర్రటి మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు కనిపిస్తే పిల్లలకు పండగే. మరి ఆ కార్తెకు పేరిచ్చిన చుక్కను ఎందరు చూశారు? కార్తె రోజుల్లో చూద్దామంటే కుదరదు. అప్పుడు సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు కాబట్టి చుక్క పగటి వెలుగులో కలిసిపోతుంది!

సంక్రాంతి రోజుల్లో రాత్రి ఎనిమిదింటికి డాబా ఎక్కి తూర్పుకు చూడండి. మూడు చుక్కలు వరసగా కనిపిస్తాయి. వాటికి ఎడమవైపు ఎర్రగా మెరిసేదే ఆర్ద్ర. ఇంగ్లిషులో బెటెల్‌జూస్. వరసకు కుడిపక్కన సన్నటి మసక మరకలాంటిది ఉంటుంది చూశారా, అది నక్షత్రాల పురిటిగది. 1,350 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ వాయు మేఘంలో ధూళి, హైడ్రోజన్ తమ బరువుకు తామే కుంచించుకుపోయి, నడిమధ్యన కోటి డిగ్రీల దాకా వేడెక్కి కొత్త చుక్కలు వెలుగుతున్నాయి. అంటే పురిటిబిడ్డలూ, పండు ముసలీ ఒకే వాకిట్లో ఉన్నారన్నమాట.

ముసలి అన్నామని వయసు ఎక్కువనుకునేరు. మన సూర్యుడికి 460 కోట్ల ఏళ్లు. ఇంకో 500 కోట్ల ఏళ్లు నిక్షేపంగా ఉంటాడు. ఆర్ద్రకు మహా అయితే కోటి ఏళ్లు! సూర్యుడికి పదిహేను, ఇరవై రెట్ల బరువు. బరువు ఎక్కువైనకొద్దీ లోపలి పొయ్యి మండిపోతుంది, సరుకు త్వరగా ఖర్చవుతుంది. ఇప్పుడది ఎంత ఉబ్బిందంటే, సూర్యుడి స్థానంలో పెడితే భూమినీ, అంగారకుడినీ మింగేస్తుంది.

హైడ్రోజన్ అయిపోతే హీలియం, అదీ అయిపోతే కార్బన్... ఒక్కో మెట్టుకూ గడువు తరిగిపోతుంది. హీలియం లక్షల ఏళ్లు వస్తుంది. కార్బన్ వందల ఏళ్లు, మహా అయితే వేల ఏళ్లు. చివరి సరుకు సిలికాన్ కొన్ని రోజులకు మించి రాదు. అది మండి ఇనుమవుతుంది. ఇనుముతో పొయ్యి రాజుకోదు. అంతే, నడిభాగం సెకను లోపే కుప్పకూలుతుంది, పైపొరలు పేలిపోతాయి.

2019 చివర్లో ఆర్ద్ర ఉన్నట్టుండి మసకబారింది. 2020 ఫిబ్రవరికి మామూలు వెలుగులో మూడో వంతే మిగిలింది. ఇక పేలుతుందేమోనని ప్రపంచమంతా టెలిస్కోపులు తిప్పింది. తీరా చూస్తే, అది కక్కిన వాయువు చల్లబడి ధూళిగా మారి మనకు అడ్డొచ్చిందట! ఏప్రిల్‌కల్లా మళ్లీ మెరిసింది.

పేలడం మాత్రం ఖాయం. లక్ష ఏళ్ల లోపు ఎప్పుడైనా కావచ్చు. పేలితే పట్టపగలే కనిపిస్తుంది, రాత్రిళ్లు అర్ధచంద్రుడంత వెలుగునిస్తుంది. భయం లేదు, చాలా దూరం. ఈ రాత్రి మన కంటికందే దాని వెలుగు దాదాపు శ్రీనాథుడి కాలంలో బయల్దేరినదే.

అన్నట్టు, ఆ కబురు ముందుగా చేరేది కంటికి కాదు. నక్షత్రం కూలేటప్పుడు పుట్టే న్యూట్రినోలు వెలుగు కన్నా ముందే బయటపడతాయి. 1987లో పక్క గెలాక్సీలో ఓ నక్షత్రం పేలినప్పుడు, వెలుగు కనిపించడానికి రెండు మూడు గంటల ముందే జపాన్‌లోని కమియోకాండేలో అవి నమోదయ్యాయి. ఈసారి ఆ ఘడియ తప్పిపోకుండా వివిధ దేశాల ప్రయోగశాలలు కలిసి ఓ హెచ్చరిక గంట కట్టి ఉంచాయి.