సిలిండర్ సైజు చెబితే చాలదు.. ఎందుకో చెప్పాలి

మెకానికల్, మెకట్రానిక్స్ విద్యార్థుల రెజ్యూమెల్లో ‘న్యూమాటిక్స్ తెలుసు’ అనే లైన్ తరచూ కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు పడితే అందులో ఎంత నిజముందో తేలిపోతుంది. ‘మీ ప్రాజెక్టులో సిలిండర్ బోర్ ఎంత?’ దీనికి జవాబు వస్తుంది. ‘అంతే ఎందుకు?’ ఇక్కడ చాలామంది ఆగిపోతారు. రెడీమేడ్‌గా కొన్న ప్రాజెక్టులో పార్టులు ఉంటాయి కానీ, కారణాలు ఉండవు కదా!

ఆ ‘ఎందుకు’ను నేర్పే మంచి ఉదాహరణ ఒకటి అమెరికాలో పుట్టిన ఆటలో ఉంది. అది పెయింట్‌బాల్. 1981లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెనికర్ అడవుల్లో తొలి ఆట జరిగింది. చెట్లకు, పశువులకు రంగు గుర్తులు వేసే నెల్‌స్పాట్ 007 పిస్టళ్లతో ఆడారు. ఈ ఆటలో వాడే పరికరాన్ని మార్కర్ అంటారు. అక్కడి హాబీయిస్టులు దాన్ని విప్పి, పార్టులు మార్చి, తమకు కావాల్సినట్టు చేసుకుంటారు. ఇందుకు బాగా పేరున్నది బడ్ ఆర్ రూపొందించిన ఆటోకాకర్.

ఇది పనిచేసే తీరు చూద్దాం. ట్రిగ్గర్ కొంత నొక్కగానే హామర్ వెళ్లి వాల్వ్‌ను కొడుతుంది, బాల్ బయటికి పోతుంది. ఇంకాస్త నొక్కితే త్రీవే వాల్వ్ గాలిని ఒక బుల్లి సిలిండర్‌లోకి పంపుతుంది. దీన్నే ర్యామ్ అంటారు. అది బోల్ట్‌ను వెనక్కి తీసుకెళ్లి, హామర్ స్ప్రింగ్‌ను నొక్కిపెట్టి, తర్వాతి బాల్‌కు దారి తెరుస్తుంది. ట్రిగ్గర్ వదిలితే బోల్ట్‌ను ముందుకు తెచ్చి మూస్తుంది. మరి ఈ ర్యామ్ ఎంత సైజుది ఉండాలి?

‘పెద్దది పెడితే సరి’ అనుకుంటే పొరపాటే. మొదట లోడ్ కొలవాలి. స్ప్రింగ్ బ్యాలెన్స్ తగిలించి లాగితే మెకానిజానికి 3 కిలోల బలం కావాల్సి వచ్చిందనుకుందాం. అంటే సుమారు 30 న్యూటన్లు. రాపిడి ఉంటుంది, పైగా వేగంగా కదలాలి. కాబట్టి రెట్టింపు, అంటే 60 న్యూటన్లు లక్ష్యంగా పెట్టుకుందాం.

ఇప్పుడు మనం డిప్లొమాలోనే చదివిన సూత్రం: బలం = పీడనం × వైశాల్యం. గాలి 6 బార్ దగ్గర ఉంటే 10 మి.మీ. బోర్ సిలిండర్ 47 న్యూటన్లతో తోస్తుంది. 12 మి.మీ.ది 68, 16 మి.మీ.ది 120 న్యూటన్లు ఇస్తుంది. ఇవన్నీ ఐఎస్ఓ 6432 ప్రమాణంలో ఉండే సైజులే. మనకు 12 సరిపోతుంది. అయితే ఒక మెలిక ఉంది. సిలిండర్ లాగేటప్పుడు రాడ్ కొంత వైశాల్యాన్ని తినేస్తుంది. 12 మి.మీ. బోర్‌లో 6 మి.మీ. రాడ్ ఉంటే లాగే బలం 51 న్యూటన్లే. కాబట్టి లోడ్ తోసేటప్పుడు పడుతుందా, లాగేటప్పుడా అన్నది ముందే తేల్చుకోవాలి.

మరి 16 ఎందుకు వద్దు? మొదటి కారణం బాల్. దాని పెంకు పల్చటి జెలటిన్. సగం దిగిన బాల్ మీదకు బోల్ట్ అవసరానికి మించిన బలంతో మూసుకుంటే అది లోపలే చితికి, మార్కరంతా రంగుమయం అవుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు కాకింగ్‌కు సరిపడే కనీస పీడనానికి కాస్త పైన రెగ్యులేటర్‌ను ఆపేస్తారు. రెండోది గాలి ఖర్చు. 25 మి.మీ. స్ట్రోక్‌తో ఒకసారి వెళ్లి రావడానికి 12 మి.మీ. సిలిండర్ సుమారు 35 సీసీల మామూలు గాలి వాడితే, 16 మి.మీ.ది 65 సీసీలు తాగేస్తుంది. బాటిల్ భుజాన మోసే ఆటలో ఈ తేడా చిన్నది కాదు.

కేటలాగ్‌లో బోర్ ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఈ రకం మినీ సిలిండర్లకు సాధారణంగా గరిష్ఠ పీడనం 10 బార్, అంటే 145 పీఎస్ఐ. మార్కర్ బాటిల్‌లో 3000 లేదా 4500 పీఎస్ఐ గాలి నింపుతారు. బాటిల్ మీది రెగ్యులేటర్ దాటాక కూడా అది 800 దగ్గర ఉంటుంది. మధ్యలో లో ప్రెషర్ రెగ్యులేటర్ లేకుండా సిలిండర్‌కు కలిపితే అది ప్రమాదమే. పోర్టు మరలూ చూడాలి. అమెరికా ఫిటింగుల్లో 10-32 మర ఎక్కువ, మన దగ్గర ఎం5. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 10-32 వ్యాసం 4.83 మి.మీ., ఎం5 వ్యాసం 5 మి.మీ. ఒకదాంట్లో ఒకటి ఎక్కినట్టే ఉంటుంది కానీ పట్టు సరిగా ఉండదు.

దీనంతటికీ మీరు మార్కర్ కొనక్కర్లేదు. పెనుకొండ కార్ల ఫ్యాక్టరీలో క్లాంప్ అయినా, హైదరాబాద్ శివార్లలో మందుల ప్యాకింగ్ లైన్‌లో పుషర్ అయినా ప్రశ్నలు ఇవే: లోడ్ ఎంత, స్ట్రోక్ ఎంత, పీడనం ఎంత, గాలి ఖర్చు ఎంత, బలం ఎక్కువైతే పాడయ్యేది ఏది? అక్కడ జెలటిన్ బాల్ బదులు మందుల డబ్బా ఉంటుంది, అంతే తేడా.

ఫెస్టో, ఎస్ఎంసీ, కోయంబత్తూరు జనాటిక్స్ లాంటి కంపెనీల కేటలాగ్‌లు ఆన్‌లైన్‌లో ఉచితం. ఈ వారం ఒక చిన్న పని ఎంచుకోండి. డబ్బాను కన్వేయర్ పక్కకు తోయడం లాంటిదైనా చాలు. లోడ్ కొలిచి, లెక్క వేసి, సిలిండర్ ఎంచి ఒక్క పేజీలో రాయండి. దానికి పైన ఒక సైజు, కింద ఒక సైజు ఎందుకు వద్దనుకున్నారో కూడా అందులోనే పెట్టండి. ఎంచుకున్న పార్టు పేరు ఎవరైనా చెప్పగలరు. వద్దనుకున్న పార్టుకు కారణం చెప్పగలిగేది లెక్క వేసినవాళ్లే. ఇంటర్వ్యూ బోర్డు వెతికేది ఆ మనిషినే.