కెమెరా మారిస్తే కొంగ దగ్గరకొస్తుందా?

మార్కాపురంలో ఓ లెక్కల మాస్టారు ఉన్నారనుకుందాం. వారమంతా బడి. ఆదివారం తెల్లారేసరికి మాత్రం కెమెరా సంచీతో కంభం చెరువు గట్టున ప్రత్యక్షం. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే చెరువది. నీళ్లలో నిలబడ్డ కొంగను తీసి, ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుంటే గోరంత! పక్కనే నిలబడి తీసిన మిత్రుడి ఫొటోలో ఈకలు లెక్కపెట్టొచ్చు. మిత్రుడిది నికాన్, మాస్టారిది కెనాన్. ఇంకేం... కంపెనీ మార్చేయాలన్న పురుగు తొలవడం మొదలవుతుంది.

నిజానికి మిత్రుడి కెమెరాకున్నది పొడవాటి టెలీ లెన్సు. మాస్టారిది కెమెరాతోపాటు వచ్చిన 18-55. కొంగను దగ్గరకు తెచ్చింది ఆ లెన్సే.

కంపెనీ మారడమంటే ఇల్లు ఖాళీ చేసినంత పని. మెమరీ కార్డు పనికొస్తుందేమో కానీ బ్యాటరీ, ఛార్జరు, ఫ్లాష్ పక్కన పెట్టాల్సిందే. లెన్సుల సంగతి మరీ విడ్డూరం. డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు బిగించే చోటు నుంచి సెన్సరు దాకా దూరం నికాన్‌లో 46.5 మిల్లీమీటర్లు, కెనాన్‌లో 44. ఆ రెండున్నర మిల్లీమీటర్ల సందులో సన్నటి రింగు పెట్టి నికాన్ లెన్సును కెనాన్‌కు తగిలించుకోవచ్చు, ఫోకస్ చేత్తో తిప్పుకుంటూ. కెనాన్ లెన్సులతో నికాన్‌కు వెళ్లేవారికి ఆ సందు లేదు. ఎలాగోలా బిగించినా దగ్గరి పువ్వు పడుతుంది, దూరాన నల్లమల కొండలు మసకే. కాబట్టి ఉన్నవన్నీ వచ్చిన ధరకు అమ్ముకోవాలి. ఇంట్లో ఆవిడకు చెప్పిన లెక్కలో మాత్రం కొత్త బాడీ ధర ఒక్కటే ఉంటుంది!

చేతి అలవాటు ఇంకో తంటా. లెన్సు బిగించే దిక్కు, జూమ్ తిప్పే దిక్కు రెండు కంపెనీలవీ ఎదురెదురు. దగ్గరకు లాగబోయి దూరం నెట్టేలోగా కొంగ ఎగిరిపోతుంది.

2018లో రెండు కంపెనీలూ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలతో కొత్త బిగింపులు తెచ్చాయి. పాత లెన్సుల కోసం సొంత అడాప్టర్లూ ఇచ్చాయి. అటు వెళ్లాలన్నా, ఉన్న కంపెనీలోనే ఉంటే లెన్సులు చాలావరకు మూలన పడవు.

లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ 1950లో టోక్యోలో నిక్కార్ లెన్సుల పదును చూసి ఆశ్చర్యపోయాడు. అయినా తన జర్మన్ లైకాను వదల్లేదు. దానికే జపాన్ లెన్సు బిగించుకుని కొరియా యుద్ధానికి వెళ్లాడు. ఆ ఫొటోలతో అమెరికాలో నికాన్ కంపెనీ పేరు మోగిపోయింది.

మన మాస్టారికి ముందు కావాల్సింది ఉన్న కెనాన్‌కే సరిపోయే 55-250 లెన్సు. దాంతో నాలుగు ఆదివారాలు తీశాక కూడా ఎగిరే పిట్ట మీద ఫోకస్ నిలవట్లేదనో, పలకల ఫ్యాక్టరీ చీకట్లో బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తోందనో అనిపిస్తే, అప్పుడు బాడీ గురించి ఆలోచించొచ్చు. ఊళ్లో పెళ్లిళ్లు తీసే స్టూడియోవాళ్లను బతిమాలి రెండో కంపెనీ కెమెరా ఓ పూట వాడి చూడాలి. పాత లెన్సులు బేరానికి పెట్టేది ఆ తర్వాతే.