గిలక ముందా, నిర్వచనం ముందా?

సంక్రాంతి సెలవులకి ఊరెళ్తే, అయిదో తరగతి చదివే మా అక్క కూతురు నూతి దగ్గర అడిగింది: "మామయ్యా, గిలక ఉంటే బరువు తగ్గుతుందా?" మెకానికల్ మూడో సంవత్సరం కదా, ఠక్కున "సగం తగ్గుతుంది" అనేశా.

తప్పు! మర్నాడు వేపకొమ్మకి గిలక కట్టి, లగేజీ తూచే స్ప్రింగ్ కాటాతో ఇద్దరం కొలిచాం. 5 కిలోల బకెట్‌ని లేపుతుంటే కాటా 5 దాటింది. ఆ కాస్త ఎక్కువా గిలక రాపిడి. పైన కట్టేసిన ఒంటి గిలక బరువు తగ్గించదు, లాగే దిశని మారుస్తుందంతే. కిందికి లాగుతాం కాబట్టి మన ఒంటి బరువు సాయానికొస్తుంది. సగం తగ్గాలంటే తాడు ఒక కొసని కొమ్మకి కట్టేసి, గిలకని బకెట్‌తో పాటే పైకి కదలనివ్వాలి. అప్పుడు తాడు రెట్టింపు లాగాలి. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను!

అందుకే, స్కూళ్లకి సైన్స్ చెప్పడానికి వెళ్లేటప్పుడు మనం పీపీటీలు మానేద్దామంటాను. తాడు, గిలక, కాటా చాలు. నిర్వచనం ఆఖర్న చెప్పొచ్చు, పిల్లలే అడిగితే.

మా పిల్లయితే నిర్వచనం అడగలేదు. రెండో గిలక ఎక్కడ దొరుకుతుందని అడిగింది.