పంచాయితీ కాయితం మీద సంతకం పెట్టే ముందు

మన తాండూరు, వికారాబాద్ తండాల్లో మొగుడు పెండ్లాలు విడిపోతే ముందు కూసునేది పంచాయితీనే. నాయక్, పెద్దమనుషులు ఇంత డబ్బని తేల్చి, స్టాంపు పేపర్ మీద సంతకాలు పెట్టిస్తరు. ఆడబిడ్డ ఎదురు మాట్లాడితే ఒకటే మాట: "మనం ఎస్టీలం, మనకు హిందూ వివాహ చట్టం లేదు. కోర్టుకు పోతే ఏమొస్తది?"

ఇందులో సగమే నిజం. 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. హిందూ పద్ధతిలో జరిగిన పెండ్లికి వర్తిస్తదని కొన్ని కోర్టులు చెప్పినయ్, అది కేసును బట్టి ఉంటది. మిగతాది ఆచారం ప్రకారమే. కానీ ఆచారం ఉందని నోటితో చెప్తే చెల్లదు, కోర్టులో రుజువు చెయ్యాలె. భర్త రెండో పెండ్లి చేసుకున్నడని సుప్రీంకోర్టు దాకా పోయిన ఆదివాసీ మహిళ సూరజ్‌మణి స్టెల్లా కుజూర్, రెండో పెండ్లి చెల్లదనే ఆచారాన్ని చూపించలేక 2001లో ఓడిపోయింది.

మిగిలిన సగం పంచాయితీల ఎవరూ చెప్పరు. భరణం హక్కుకు తెగతో, మతంతో పని లేదు. పాత సీఆర్‌పీసీ 125, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 144 అయింది. భర్త బతుకుదెరువుకు పుణె పోయినా, భార్య తను ఉంటున్న జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు. మధ్యంతర భరణం దరఖాస్తును వీలైనంత వరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టంలనే ఉంది. 2005 గృహహింస చట్టం కూడా అందరికీ వర్తిస్తది. దెబ్బల నుంచి రక్షణే కాదు, ఉండే ఇంటి హక్కు కూడా అందులో ఉంది.

అసలు ప్రమాదం ఆ కాయితంల ఉంది. "ఇద్దరం ఇష్టపూర్వకంగా వేరుగా ఉంటున్నం" అనే ఒక్క లైన్ చాలు, రేపు భరణం అడిగితే అవతలి వకీలు దాన్నే ముందర పెడతడు. పరస్పర అంగీకారంతో వేరుగా ఉంటున్న భార్యకు భరణం రాదని సెక్షన్ 144లోనే రాసి ఉంది మరి. పిల్లల భరణం మాత్రం పిల్లల హక్కు. తల్లి సంతకంతో అది పోదు.

పంచాయితీ వద్దని నేను అంటలేను. అది మన వ్యవస్థ, ఖర్చు తక్కువ, మాట్లాడేది మన భాషల. కానీ అక్కడ కూసున్నోళ్లల్ల ఆడోళ్లు ఎంతమంది? చదివి వినిపించకుండా వేలిముద్ర తీసుకుంటే అది న్యాయం ఎట్లయితది?

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఒక పని చెయ్యాలె. సంతకం కంటే ముందు ఆ కాయితాన్ని గోర్‌బోలిల చదివి చెప్పండి. పెండ్లి ఫొటోలు, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు అక్క దగ్గరనే ఉండేటట్టు చూడండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడోళ్లకు, ఎస్టీలకు వకీలు ఉచితం, ఆదాయం ఎంతని కూడా అడగరు. ఫోన్ నంబర్ 15100. తండాల ప్రతి ఇంటి గోడ మీద ఈ నంబర్ రాయండి.