నూరవ మగ్గు

చేతితో చేసిన మట్టి మగ్గులను అమ్ముచోట నేడు తప్పక వినబడు వాక్యమొకటి కలదు: ఒకదానివలె మరియొకటి యుండదు. కొనువాడు దానినే గుణముగా నెంచి ముచ్చటపడును; అమ్మువాడు దానినే కారణముగా చూపి, కార్ఖానాలో పోతపోసిన కప్పుకంటె పెక్కురెట్లు వెల చెప్పును. వెల విషయమున నాకు ఆక్షేపణ లేదు. కాని ఈ పొగడ్త కుమ్మరి విద్యను హెచ్చించునట్లు కనబడుచునే దానిని తగ్గించుచున్నదని నా యభిప్రాయము. ఒకదానివలె మరియొకటి రాకుండ చేయుట పని రానివానికిని సాధ్యమే; అతనికది తప్పనిసరి కూడ. ఒక్క తీరున నూరు చేయగలుగుటకే ఏండ్లు పట్టును. ముద్ర వేసిన మగ్గు ఎట్లు పుట్టుచున్నదో చూచినవారికి ఇది తేటపడును. ఏలయన ముద్రయనునది పునరావృత్తి కొరకే పుట్టిన సాధనము.

స్టూడియో కుమ్మరి మొట్టమొదట చేయు పని తూచుట. మగ్గొక్కింటికి సుమారు 400 గ్రాముల చొప్పున ముద్దలు తూచి వరుసగా పేర్చుకొని, గాలిబుడగలు పోవునట్లు పిసికి, తిరుగు సారెపై ముద్దను నడిమికి కుదిర్చి, బొటనవ్రేలితో గుంత చేసి, లోపలి వ్రేళ్లకును వెలుపలి వ్రేళ్లకును నడుమ గోడను పైకి లాగును. మట్టి ఆరుటలోను కాలుటలోను కలసి నూటికి పది పండ్రెండు వంతులు కుంచించును గనుక, తుదకు కావలసిన పరిమాణము కంటె పెద్దదిగా పచ్చిమగ్గును తీయవలెను. దానితోపాటు ముద్రయు చిన్నదగునని యెరిగి, ముద్రను చెక్కునాడే అంత పెద్దదిగా చెక్కుకొనవలెను. సారె నుపయోగింపక, మట్టిని పలకగా పరచి, ముద్రలొత్తి, గొట్టముగా చుట్టి అతుకువారును కలరు.

ముద్రలను పెక్కుమంది మట్టితోనే చేసి ఒకమారు కాల్చి యుంచుకొందురు. కాలిన మట్టి తేమను పీల్చును గావున అట్టి ముద్ర పచ్చిగోడకు అంటుకొనక విడివడును. బట్టలపై అద్దకమునకు చెక్కిన కొయ్య అచ్చులనే మట్టిపై నొత్తువారు మన దేశమున నున్నారు. పెడన కలంకారీ టేకు అచ్చు నొకదానిని చేతబట్టి చూచినవారికి దానిని మట్టిపై నొత్తవలెనను కోరిక ఏల కలుగునో చెప్పనక్కరలేదు.

ఇక అసలు పరీక్ష. సారెపైనుండి అప్పుడే దిగిన మగ్గుపై ముద్ర నొత్తినచో గోడ కుంగి మట్టి ముద్రను పట్టుకొనును. బాగుగా ఆరిన దానిపై నొత్తినచో అంచుల వెంబడి నెరలు విచ్చును. ఈ రెంటి నడుమ, తాకిన వ్రేలికి అంటక, నొక్కిన యొత్తిడికి లొంగుచు, తన ఆకారమును మాత్రము విడువని దశ యొకటి కలదు. అది వేసవిలో ఒక పూటలోనే దాటిపోవచ్చును, ముసురు పట్టిన దినములలో మరునాటి వరకును రాకపోవచ్చును. పలకపై వరుసగా నున్న మగ్గులలో కిటికీ వైపుదానికి ముందుగను మూలనున్న దానికి వెనుకగను వచ్చును. కుమ్మరి కొన్నింటికి ప్లాస్టిక్ కాగితము కప్పుచు, కొన్నింటిని గాలికి జరుపుచు, ఒక్కొక్కదానిని వ్రేలితో తాకి చూచుచు, సమయము వచ్చిన దానిని ఎడమచేతితో లోపలినుండి ఆనించి కుడిచేతితో ముద్ర నొత్తును. ఒత్తిడికి వంకరపోయిన గుండ్రదనమును అరచేతితో మరల సవరించును. ముద్ర యొక్కటే, చేయి యొక్కటే. అయినను ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన పడును. పల్లవిని గాయకుడు మరల మరల పాడుచుండగా సంగతులు పుట్టినట్లు ఈ భేదములు పుట్టవలెను గాని, భేదము కొరకే భేదమును తెచ్చిపెట్టుట అపస్వరమును అలంకారమనుట వంటిది.

పిడిని తడిమట్టినుండి సాగదీసి, అతుకుచోట గీతలు గీచి, జారుమట్టి పూసి, గోడ తేమయు పిడి తేమయు సమముగా నున్నప్పుడే అంటింతురు. లేనియెడల ఆరునప్పుడు ఊడివచ్చును. పిదప మొదటి కాల్పు, సుమారు 1000 డిగ్రీల సెంటిగ్రేడు వరకు. ఆ దారిలో 573 డిగ్రీల వద్ద మట్టిలోని స్ఫటికము హఠాత్తుగా వ్యాకోచించును గనుక మంటను నెమ్మదిగా పెంచవలెను, చల్లార్చునపుడును అంతే. ఆమీద మెరుగుపూత, 1200 డిగ్రీలు దాటిన రెండవ కాల్పు. సెలడన్ అను పలుచని ఆకుపచ్చ పూత కరిగి ముద్ర పల్లములలో నిలిచి ముదురాకుపచ్చగా కనబడును. ఇనుము కలిసిన నల్లపూత ముద్ర మిట్టలపై పలుచబడి గోధుమవన్నె కెక్కును. పూత మందమైనచో పడిన శ్రమయంతయు దాని క్రింద సమాధియగును.

ముద్ర చరిత్రయు నా పక్షముననే సాక్ష్యమిచ్చును. 1945లో పురాతత్త్వవేత్త మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి సమీపమున అరికమేడు వద్ద త్రవ్వించినప్పుడు, ఇటలీలోని అరెజ్జోలో రెండువేల ఏండ్లనాడు తయారైన యెర్రని పాత్రల పెంకులు దొరకినవి. వానిలో కొన్నింటిపై కుమ్మరుల పేరులు ముద్రితములై యున్నవి. ఆ కార్ఖానాలలో బొమ్మలుగల పాత్రలకు మూస లోపల ముద్రలొత్తి, దానిని కాల్చి, అందులో మట్టిని నింపి తిప్పి, ఒక్క మూసనుండి పెక్కు పాత్రలు తీసెడివారు. పేరులలో యజమానివే గాక బానిసలవియు కలవు. చేతిపనిని ఏకాంత కళాకారుని విలాసముగా వర్ణించువారు ఈ పెంకులను ఒకమారు తలచుకొనుట మంచిది.

బెర్నార్డ్ లీచ్, షోజీ హమాదా అను కుమ్మరులు 1920లో ఇంగ్లండునందలి సెయింట్ ఐవ్స్‌లో స్థాపించిన కుమ్మరిశాలలో, తరువాతి కాలమున, నిత్యోపయోగమునకు తగిన గిన్నెలను, కూజాలను, కప్పులను శిష్యులు నిర్ణీతమైన కొలతలకు మరల మరల చేయుచుండిరి. వానిపై శాల ముద్ర యుండెను గాని చేసినవాని పేరుండలేదు. హమాదా జపానుకు మరలిన పిమ్మట తన పాత్రలపై సంతకమునే మానినాడు. అది హమాదాకు చెల్లును. తక్కినవారు అడుగున తమ ముద్ర వేయుటయే మేలు, పిడి యూడినప్పుడు ఎవరి నడుగవలెనో తెలియును. అరికమేడునకు కొలది మైళ్ల దూరముననే, పుదుచ్చేరిలో, 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ అను అమెరికనులు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని నెలకొల్పి, భోజనపాత్రలను నిలకడగా చేయించిరి. వారి శిష్యులు నేడు దేశమంతట నున్నారు.

మన యూరి కుమ్మరికి ఈ పాఠము క్రొత్త కాదు. దీపావళికి ముందు అతడు సారెపై పెద్ద మట్టిదిమ్మ నుంచి, కొననుండి ప్రమిద వెంట ప్రమిదను తీసి దారముతో కోయుచుండును. తూచడు, కొలువడు, కాని వరుస చూచిన ఒక్క పరిమాణమే. అతని ప్రమిదలు ఒకదానివలె మరియొకటి యుండవని యెవరును పొగడరు, ఉన్నవని మెచ్చుకొనరు, బేరము మాత్రమాడుదురు.

కావున మగ్గు కొనువారు ముద్రను చూచి మురియుటకు ముందు అంచును పెదవికి ఆనించి చూడవలెను. ఇరానీ హోటలు కప్పునకున్న నున్నని యంచు దీనికి లేకున్నచో, గోడపై ఎంత చక్కని లత యున్నను ప్రయోజనము లేదు. ముద్ర గరుకు పెదవి వరకు ప్రాకినచో తాగుటకే యిబ్బంది. పిడిలో వ్రేళ్లు ఇరుకక పట్టవలెను, మగ్గు నిండినప్పుడు మణికట్టు వంగిపోరాదు. ఇవి సరిపడినచో, ఇటువంటివే నాలుగు కావలెనని అడుగుడు. ఏడాది తరువాత ఒకటి పగిలినచో దాని జతను చేసి ఇయ్యగలరా యనియు అడుగుడు. మట్టి తూకమును, పచ్చి కొలతలను, ఏ ముద్ర, ఏ పూత యను వివరములను పుస్తకములో వ్రాసి యుంచుకొను కుమ్మరి ఆ ప్రశ్నకు నొచ్చుకొనడు. పుస్తకము తెరచి తారీఖు చెప్పును.