మట్టి కడిగేసిన వెండి

ఎక్కడ దొరికిందో చెప్పలేని గ్రీకు వెండి నాణేన్ని కొనేవాడు చరిత్రను కాపాడడం లేదు, దాన్ని చెరిపేవాడికి కూలి ఇస్తున్నాడు. ఈ మాట నాణేల సేకర్తలకు కోపం తెప్పిస్తుంది. తెప్పించాలి కూడా. ఆ వెండి మీద నాకూ వాళ్ళంత మోజు ఉంది గనకే అంటున్నాను.

ఏథెన్స్ టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు డ్రాక్మాల నాణెం, బరువు సుమారు 17 గ్రాములు. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న ఎథీనా దేవత. ముఖం పక్కకి తిరిగినా కన్ను మాత్రం మనవైపే చూస్తుంది. రెండోవైపు గుడ్లగూబ, ఆలివ్ రెమ్మ, నెలవంక. కొన్నింటి మీద ఉలిగాటు ఉంటుంది. లోపల రాగి ఉందేమోనని ఆనాడు ఎవరో కోసి చూశారు. గాటు ఉంటే వేలంలో ధర పడిపోతుంది. నాకు మాత్రం నాణెంలో అన్నిటికన్నా విలువైన చోటు అదే. అది సంతలో చేతులు మారిన సొమ్మని అక్కడే తెలుస్తుంది.

ఈ వెండి ఏథెన్స్ దగ్గరి లారియన్ గనులది. క్రీ.పూ. 483 ప్రాంతంలో అక్కడ వెండి విరివిగా పడితే పౌరులకు పంచేయబోయారు. ఏథెన్స్ నాయకుడు థెమిస్టొక్లీస్ అడ్డుపడి యుద్ధనౌకలు కట్టించాడు. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియన్లను ఓడించడంలో ఆ ఓడలే ఆధారం. తవ్విందెవరు? బానిసలు. నికియాస్ అనే సేనాని వెయ్యిమందిని ఆ గనులకు తలకి రోజుకో ఒబోల్ చొప్పున అద్దెకిచ్చాడని ఆనాటి రచయిత జెనోఫోన్ రాశాడు. 24 ఒబోల్‌లైతే ఒక టెట్రాడ్రాక్మ్. అంటే అరచేతిలో ఉన్నది ఒక మనిషి 24 రోజుల అద్దె, అదీ యజమానికి చేరినది. మెరుపుకీ అరుదుతనానికీ పేజీలు కేటాయించే వేలం క్యాటలాగుల్లో ఈ లెక్కకు చోటుండదు.

ఇక నాణెం దొరికిన చోటు సంగతి. 1984లో తుర్కియేలోని ఎల్మలి దగ్గర దొంగచాటుగా తవ్వినవాళ్ళకు దాదాపు 1,900 వెండి నాణేల నిధి దొరికింది. అందులో 43 గ్రాములు తూగే, బహు అరుదైన ఏథెన్స్ డెకాడ్రాక్మ్‌లున్నాయి. వాటితోపాటే ఆ ప్రాంతాన్నేలిన లిసియా పాలకుల నాణేలూ ఉన్నాయి. ఎవరి సొమ్ము ఎవరి దాకా వెళ్ళింది, ఏ దశకంలో పాతిపెట్టారు అన్నది ఆ కలయికే చెప్పగలదు. దాన్ని దేశం దాటించి అమ్ముకున్నారు. ఏళ్ల తరబడి కోర్టులో పోరాడితే 1999లో చాలా భాగం తుర్కియేకి తిరిగొచ్చింది. నాణేలు వచ్చాయి సరే. తవ్విన గోతిని మళ్ళీ ఎవరు తెస్తారు?

సేకర్తలు లేకపోతే ఇవన్నీ కరిగిపోయేవని వాళ్ళ వాదన. పాతతరం సేకర్తలు వేసిన పట్టికల మీదే నేటి పరిశోధన చాలావరకు నిలబడింది, అది కాదనను. కానీ ఈరోజు పార పట్టించేది వాళ్ళు పెట్టే ధరే. ‘పాత యూరోపియన్ సేకరణ నుంచి’ అన్న ఒక్క ముక్కతో లక్షలు చేతులు మారుతున్నాయి. ఎవరి సేకరణ? ఏ ఏడాది? అడగరు, ఎందుకంటే జవాబు వింటే కొనలేరు.

అడగండి. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాపై యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. అంతకుముందే ఆ నాణెం బయట ఉందని కాగితం చూపించమనండి. చూపించకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. గుడ్లగూబను చూడకుండా ఉండలేమంటే, ఏథెన్స్‌లో, ట్రాయ్‌ను తవ్విన ష్లీమన్ కట్టించుకున్న భవనంలోనే నాణేల మ్యూజియం ఉంది. అక్కడికి వెళ్ళి చూడండి.